పొడవైన అలలకు దారిచ్చే గాజులు

గాజు గుండా వెలుగంతా దూరిపోతుందా? కిటికీ పక్కన కూర్చుని వీధిని చూసేవారికి ఈ ప్రశ్నే వింతగా తోస్తుంది. అయితే ఒంటి వేడిని పట్టే ఉష్ణ కెమెరాను అదే కిటికీ వైపు తిప్పితే వీధిలోని మనుషులు కనిపించరు. కిటికీ అద్దం గోడలా నిలుస్తుంది. కెమెరా పట్టుకున్న వ్యక్తి ఒంటి వేడి మాత్రం ఆ గోడ మీద మసకగా ప్రతిఫలిస్తుంది. కంటికి పారదర్శకమైన గాజు ఒంటి వేడికి పారదర్శకం కాదు.

ఒంటి నుంచి వెలువడే ఆ వేడి కూడా కాంతే. కంటికి కనిపించే కాంతిలో అల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల దాకా ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఎరుపును దాటి అలలు ఇంకా సాగితే అది పరారుణ కాంతి అవుతుంది. టీవీ రిమోట్ వదిలే పరారుణ కాంతి అల పొడవు సుమారు 0.94 మైక్రాన్లు. మనిషి ఒంటి నుంచి వచ్చేది ఎక్కువగా 9, 10 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. మామూలు గాజు మొదటిదాన్ని పోనిస్తుంది, రెండోదాన్ని మింగేస్తుంది.

ఈ రెండింటి నడుమ, 2 నుంచి 5 మైక్రాన్ల వరకు ఉన్న ప్రాంతం చాలా విలువైనది. నీరు 2.94 మైక్రాన్ల దగ్గర కాంతిని ఎంత గట్టిగా పీల్చుకుంటుందంటే, ఆ కాంతి నీటిలో ఒక మైక్రాన్ లోతు పోయేసరికే చాలావరకు అయిపోతుంది. అందుకే ఆ అల పొడవున్న లేజర్ కిరణం చర్మాన్ని, పంటిని పైపొర మేరకే కోయగలదు. లోపలి కణజాలం కాలదు. మీథేన్ వాయువు 3.3 మైక్రాన్ల చుట్టూ, కార్బన్ డయాక్సైడ్ 4.26 మైక్రాన్ల దగ్గర కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి గాలిలో వాటి జాడ తీయడానికీ ఈ ప్రాంతమే పనికివస్తుంది. ఇలాంటి కాంతిని సన్నని గాజు తీగలోనే పుట్టించి, దాని గుండానే నడిపించాలంటే మామూలు గాజు చాలదు. ఎలాంటి గాజు కావాలి, ఎందుకు కావాలి అన్నదే ఈ అధ్యాయ విషయం.

గాజు తీగలో లేజర్

ఫైబర్ అంటే వెంట్రుక అంత సన్నని గాజు తీగ. దానిలో రెండు పొరలుంటాయి. నడుమ ఉండేది గర్భం, దాని చుట్టూ ఉండేది తొడుగు. గర్భంలోని గాజులో కాంతి కొంచెం నెమ్మదిగా, తొడుగులో కొంచెం వేగంగా నడుస్తుంది. ఈ చిన్న తేడా వల్ల గర్భంలో ఏటవాలుగా పోయే కాంతి సరిహద్దును తాకిన ప్రతిసారీ వెనక్కి మళ్లుతుంది. గట్ల మధ్య కాలువ నీరు సాగినట్టు కాంతి తీగ పొడవునా సాగుతుంది.

ఈ గర్భంలో ఎర్బియం, థూలియం, హోల్మియం వంటి విరళ మృత్తిక మూలకాల అయాన్లను కొద్దిగా కలిపితే తీగ లేజర్‌గా పనిచేయగలదు. బయటి నుంచి మరో కాంతిని, అంటే పంపు కాంతిని, లోపలికి ఎక్కిస్తే అది ఈ అయాన్లను పైమెట్టుకు ఎగదోస్తుంది. పైమెట్టు నుంచి కిందికి దిగేటప్పుడు ప్రతి అయాన్ తనకే ప్రత్యేకమైన అల పొడవు గల కాంతిని విడిచిపెడుతుంది. అలా వెలువడిన కాంతి దారిలో ఉన్న తోటి అయాన్లను తట్టి, వాటి చేత తనవంటి కాంతినే విడిపిస్తుంది. తీగ రెండు కొసల వద్దా అద్దాలుంటే కాంతి అటూ ఇటూ తిరిగి బలపడి, ఒక కొస నుంచి సన్నని కిరణంగా బయటికి వస్తుంది. గాజులో ఇలా లేజర్ పుట్టించవచ్చని అమెరికాలో ఇలియాస్ స్నిట్జర్ 1961లో నియోడిమియం కలిపిన గాజుతో చూపించాడు.

అయాన్ విత్తనం లాంటిది, గాజు నేల లాంటిది. విత్తనం ఒకటే అయినా నేలను బట్టి పంట మారుతుంది. ఎర్బియాన్నే తీసుకుంటే, సిలికా గాజులో అది 1.55 మైక్రాన్ల కాంతిని చక్కగా ఇస్తుంది. దేశాల మధ్య సముద్రగర్భ కేబుళ్లలో సంకేతాలకు బలం పోసేది ఆ కాంతే. అదే ఎర్బియం 2.8 మైక్రాన్ల కాంతిని కూడా ఇవ్వగలదు, కానీ సిలికాలో ఇవ్వలేదు. దీనికి కారణం గాజులోని అణువుల కదలికలో ఉంది.

వీణ తీగలు, గాజు బంధాలు

ఏ గాజులోనూ అణువులు కదలకుండా ఉండవు. పక్కపక్క అణువులను కలిపే బంధం స్ప్రింగులా సాగుతూ, ముడుచుకుంటూ కంపిస్తూనే ఉంటుంది. ఆ కంపనం ఎంత వేగంగా ఉంటుందో వీణను చూస్తే తెలుస్తుంది. సన్నని తీగను బిగించి మీటితే హెచ్చు స్వరం పలుకుతుంది. లావు తీగను వదులుగా కట్టి మీటితే తగ్గు స్వరం వస్తుంది. అణువులూ అంతే. తేలికైన అణువులు గట్టి బంధంతో ఉంటే వేగంగా కంపిస్తాయి, బరువైన అణువులు మెత్తని బంధంతో ఉంటే నెమ్మదిగా కంపిస్తాయి.

బంధం కంపించే వేగమూ కాంతి అల కంపించే వేగమూ ఒకటైతే ఆ కాంతిని గాజు పీల్చుకుంటుంది. సిలికా అంటే ఇసుకలో ఉండే పదార్థమే; సిలికాన్, ఆక్సిజన్ అణువుల గట్టి అల్లిక. ఈ బంధపు మూల స్వరం సుమారు 9 మైక్రాన్ల పరారుణ కాంతితో కలుస్తుంది. ఉష్ణ కెమెరాకు కిటికీ గోడలా కనిపించడానికి కారణం ఇదే. మనిషి ఒంటి కాంతి, ఇసుక గాజు మూల స్వరం ఒకే చోట పడ్డాయి.

సంగతి అక్కడితో ఆగదు. వీణ తీగను మీటినప్పుడు మూల స్వరంతో పాటు దానికి రెండింతల, మూడింతల, నాలుగింతల వేగం గల ఉపస్వరాలు కూడా సన్నగా పలుకుతాయి. గాజు బంధాలకూ ఇలాంటి ఉపస్వరాలున్నాయి. పైకి పోయిన కొద్దీ అవి బలహీనమవుతాయి. కిటికీ అద్దం మందం కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి అక్కడ బలహీనమైన ఉపస్వరాలు లెక్కలోకి రావు. ఫైబర్ కథ వేరు. అందులో కాంతి మీటర్ల కొద్దీ, కిలోమీటర్ల కొద్దీ గాజులోనే నడవాలి. అంత దూరంలో నాలుగింతల వేగపు ఉపస్వరం పీల్పు కూడా కాంతిని అయిపోజేస్తుంది. కాబట్టి ఒక మోటు లెక్క వేసుకోవచ్చు. మూల స్వరపు అల పొడవులో సుమారు నాలుగో వంతు దాటితే ఆ గాజు ఫైబర్‌గా పనికిరాదు. సిలికాకు ఈ హద్దు 2.2, 2.3 మైక్రాన్ల దగ్గర పడుతుంది. సిలికా ఫైబర్ లేజర్లు థూలియంతో 2 మైక్రాన్ల దగ్గర, హోల్మియంతో 2.1 మైక్రాన్ల దగ్గర బాగా పనిచేసి, ఆ పైన చతికిలబడేది ఇందుకే.

పొట్టి అలల వైపు మరో గోడ ఉంది. గాజు గడ్డకట్టినప్పుడు దానిలో మిగిలిపోయే అతి సూక్ష్మమైన సాంద్రత తేడాలు కాంతిని చెదరగొడతాయి. ఆకాశానికి నీలం రంగునిచ్చే చెదురుదలే ఇది. అల పొడవు రెట్టింపైతే ఇది పదహారో వంతుకు పడిపోతుంది. అంటే చెదురుదల గోడ ఎడమవైపు నుంచి దిగుతుంటే, కంపనాల గోడ కుడివైపున లేస్తుంది. రెండూ కలిసే లోయలోనే గాజు అత్యంత పారదర్శకం. సిలికాకు ఆ లోయ 1.55 మైక్రాన్ల దగ్గర ఉంది. అక్కడ ఒక కిలోమీటరు నడిచాక కూడా కాంతిలో 95 శాతం దాకా మిగులుతుంది.

కాంతిని కాజేసే కంపనాలు

గాజు కంపనాలు నడిచే కాంతిని పీల్చుకోవడమే కాదు, పుట్టబోయే కాంతిని కూడా దొంగిలిస్తాయి. పైమెట్టు మీదున్న ఎర్బియం అయాన్‌కు దిగడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కాంతిని విడిచి దిగడం. రెండోది, తన శక్తిని చుట్టూ ఉన్న గాజు కంపనాలకు అప్పగించి, అంటే వేడిగా మార్చి, చప్పుడు లేకుండా దిగడం. గాజు తన కంపన శక్తిని కొలత పెట్టి తీసుకుంటుంది. ఒక్కో కొలతను కంపన కణం అనవచ్చు. శాస్త్రజ్ఞులు దీన్ని ఫోనాన్ అంటారు.

బరువైన బండరాయిని లేపడం ఊహించుకుంటే ఇది అర్థమవుతుంది. వస్తాదులైతే నలుగురు ఒక్కసారి చేయి వేస్తే చాలు. బక్కవాళ్లయితే ఏడుగురు కావాలి, ఏడుగురూ ఒకే క్షణంలో పట్టు కలపాలి. నలుగురు కలవడం తేలిక, ఏడుగురు ఒకే క్షణంలో కలవడం చాలా అరుదు. 2.8 మైక్రాన్ల కాంతిలోని శక్తిని మింగాలంటే సిలికాలో నాలుగు కంపన కణాలు చాలు. బరువైన లోహాల ఫ్లోరైడ్ గాజులో ఏడు కావాలి. కావలసిన కణం ఒక్కొక్కటి పెరిగినప్పుడల్లా దొంగతనం అనేక రెట్లు తగ్గుతుంది.

ఫలితం గడియారంలో కనిపిస్తుంది. సిలికాలో ఎర్బియం ఆ పైమెట్టు మీద కొన్ని మైక్రోసెకన్లు మాత్రమే నిలుస్తుంది. కాంతిని ఇచ్చే లోపే శక్తి వేడిగా మారిపోతుంది. ఫ్లోరైడ్ గాజులో అదే అయాన్ సుమారు 7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. వెయ్యి రెట్లు దాటిన ఈ నిలుకడే లేజర్‌కు ప్రాణం.

కాబట్టి పరారుణ ఫైబర్ లేజర్‌కు గాజును ఎంచుకోవడంలో రెండు అవసరాలూ ఒకే చోటికి చేరుతున్నాయి. కాంతిని నడవనివ్వాలన్నా, అయాన్ చేత కాంతిని పుట్టించాలన్నా గాజులో కంపనాలు నెమ్మదిగా ఉండాలి. అంటే బరువైన అణువులు, మెత్తని బంధాలు కావాలి.

రెన్ నగరంలో దొరికిన గాజు

అలాంటి గాజు అనుకోకుండా దొరికింది. ఫ్రాన్స్‌లోని రెన్ విశ్వవిద్యాలయంలో 1974లో మిషెల్ పూలాన్ జిర్కోనియం ఫ్లోరైడ్‌తో, నియోడిమియం కలిపిన కొత్త స్ఫటికాల కోసం ప్రయత్నిస్తుండగా, స్ఫటికాలకు బదులు పారదర్శకమైన గాజు ముక్కలు కనిపించాయి. ఆయన సోదరుడు మార్సెల్ పూలాన్, జాక్ లూకా తదితరులతో కలిసి 1975లో ఆ సంగతిని ప్రకటించాడు. ఆ గాజుల కుటుంబంలో ఎక్కువగా వాడుకలోకి వచ్చిన గాజు పేరు జెడ్‌బ్లాన్. జిర్కోనియం, బేరియం, లాంథనమ్, అల్యూమినియం, సోడియం అనే అయిదు లోహాల ఫ్లోరైడ్ల మేళవింపు అది. అయిదు పేర్ల సంకేతాక్షరాలతోనే ఆ పేరు ఏర్పడింది. అందులో సగానికి పైగా జిర్కోనియం ఫ్లోరైడే.

జెడ్‌బ్లాన్ మూల స్వరం సుమారు 17 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. నాలుగో వంతు లెక్కన ఫైబర్ హద్దు 4 మైక్రాన్లు దాటుతుంది. వక్రీభవన గుణకం, అంటే గాజులో కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె, 1.5 వరకు ఉంటుంది. సిలికాకు ఇది 1.45 కాబట్టి రెండింటికీ పెద్ద తేడా లేదు. విరళ మృత్తికలను ఫ్లోరైడ్ గాజు ధారాళంగా ఇముడ్చుకుంటుంది. సిలికాలో కొంచెం ఎక్కువ కలిపితే అయాన్లు గుంపులు కడతాయి. జెడ్‌బ్లాన్‌లో నూటికి ఏడు పాళ్ల దాకా ఎర్బియం ఫ్లోరైడ్ కలపవచ్చు.

ఇలా ఎక్కువ కలపగలగడం ఒక చిక్కు ముడిని విప్పింది. 2.8 మైక్రాన్ల కాంతిని ఇచ్చాక ఎర్బియం దిగే కింది మెట్టు మీద నిలుకడ ఇంకా ఎక్కువ, సుమారు 9 మిల్లీసెకన్లు. దిగినవాళ్లు కదలకపోతే కింది మెట్టు నిండిపోయి లేజర్ ఆగిపోతుంది. అయాన్లు దగ్గర దగ్గరగా ఉంటే మాత్రం దారి దొరుకుతుంది. కింది మెట్టు మీదున్న రెండు అయాన్లలో ఒకటి తన శక్తిని పక్కదానికి ఇచ్చేసి నేలకు దిగుతుంది. ఆ శక్తితో రెండోది మళ్లీ పైకి లేచి, ఇంకోసారి కాంతిని ఇవ్వడానికి సిద్ధమవుతుంది. కెనడాలోని లావల్ విశ్వవిద్యాలయం ఇలాంటి ఎర్బియం ఫ్లోరైడ్ ఫైబర్ల నుంచి 2.8 మైక్రాన్ల దగ్గర 40 వాట్లు దాటిన నిలకడైన కాంతిని 2018లో చూపించింది. అదే సంవత్సరం అక్కడే, జిర్కోనియం స్థానంలో ఇండియం ఫ్లోరైడ్ ఆధారంగా చేసిన ఇంకా మెత్తని గాజులో హోల్మియం కలిపి, మామూలు గది ఉష్ణోగ్రత వద్దే 3.92 మైక్రాన్ల లేజర్‌ను సాధించారు.

హరిదళం వంటి గాజులు

ఫ్లోరైడ్లను దాటి ఇంకా బరువైన తీగలు కావాలంటే ఆక్సిజన్‌ను వదిలి, దాని వర్గంలోనే ఉన్న గంధకం, సెలీనియం, టెల్లూరియం వైపు పోవాలి. వీటితో చేసిన గాజులను చాల్కోజనైడ్ గాజులంటారు. వీటిలో ముఖ్యమైన ఆర్సెనిక్ ట్రైసల్ఫైడ్ తెలుగు వారికి పేరు తెలియని పదార్థమేమీ కాదు. పసుపు రంగుగానూ, పాత వైద్యంలోనూ వాడిన హరిదళం రసాయనికంగా ఇదే. ఖనిజంగా అది పసుపు పచ్చని స్ఫటికం. శుద్ధి చేసి, గాలి తీసేసిన క్వార్ట్జ్ గొట్టంలో మూసి, కరిగించి చల్లారిస్తే ఎర్రని గాజు అవుతుంది. గంధకం స్థానంలో సెలీనియం పెడితే గాజు నల్లబడుతుంది. కంటికి అది బొగ్గు ముక్కలా ఉంటుంది, పరారుణ కాంతికి మాత్రం తెరిచిన కిటికీ.

గంధకపు గాజు ఫైబర్లు 6 మైక్రాన్లు దాటి, సెలీనియం గాజు ఫైబర్లు 9 మైక్రాన్ల దాకా కాంతిని నడుపుతాయి. వీటి వక్రీభవన గుణకం 2.4 నుంచి 2.8 వరకు ఉంటుంది. గుణకం పెరిగితే తీగ కొస వద్ద వెనక్కి మళ్లే కాంతి కూడా పెరుగుతుంది. సిలికా కొస వద్ద 3.4 శాతం కాంతి వెనక్కి పోతే, ఆర్సెనిక్ సల్ఫైడ్ కొస వద్ద 17 శాతం పోతుంది. అందుకే ఈ కొసలకు ప్రతిఫలనాన్ని తగ్గించే పలుచని పూత వేయాలి.

ఈ గాజులకు మరో గుణం ఉంది. బలమైన కాంతి పడినప్పుడు వీటి వక్రీభవన గుణకం ఆ కాంతి వల్లే మారుతుంది. ఈ స్పందన సిలికాలో కంటే వందల రెట్లు ఎక్కువ. దానివల్ల ఒక అల పొడవు గల కాంతిని వేరే అల పొడవులకు మార్చడం తేలికవుతుంది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ 1928లో కనుగొన్న పరిక్షేపణ ఇక్కడ పనికివచ్చింది. అణువులను తాకి చెదిరిన కాంతి కొంత శక్తిని వాటి కంపనానికి వదిలి, పొడవైన అలగా బయటపడుతుంది. 2013లో లావల్ పరిశోధకులు 3 మైక్రాన్ల ఫ్లోరైడ్ లేజర్ కాంతిని ఆర్సెనిక్ సల్ఫైడ్ ఫైబర్‌లోకి ఎక్కించి, రామన్ ఫలితంతో 3.34 మైక్రాన్ల లేజర్‌గా మార్చారు. అయాన్లు కలిపి నేరుగా లేజర్ చేయడం ఈ గాజుల్లో కష్టం, ఎందుకంటే ఆర్సెనిక్ సల్ఫైడ్ విరళ మృత్తికలను సరిగా ఇముడ్చుకోదు. గాలియం వంటివి చేర్చిన సెలినైడ్ గాజులు ఈ లోటును కొంత తీరుస్తాయి. సీరియం కలిపిన సెలినైడ్ ఫైబర్‌తో 5 మైక్రాన్లు దాటిన లేజర్ 2021లో వచ్చింది.

సిలికాకూ చాల్కోజనైడ్లకూ నడుమ టెల్లూరైట్ గాజు ఉంది. టెల్లూరియం ఆక్సైడ్ దీనికి ఆధారం. గుణకం 2 వరకు ఉంటుంది, గాలికీ తేమకూ ఫ్లోరైడ్ కంటే బాగా తట్టుకుంటుంది. దాని మూల స్వరం 13 మైక్రాన్ల దగ్గర ఉండడంతో హద్దు కూడా మధ్యస్థంగానే ఉంటుంది.

మెత్తదనానికి చెల్లించే ధర

నెమ్మదిగా కంపించే గాజు అంటే మెత్తని బంధాల గాజు. ఆ మెత్తదనమే పొడవైన అలలకు దారి తెరిచింది. ఇబ్బందులన్నీ కూడా దాని నుంచే వచ్చాయి.

మొదటిది వేడి. సిలికా 1200 డిగ్రీల సెల్సియస్ దాకా గట్టిగా నిలబడుతుంది, జెడ్‌బ్లాన్ 260 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలెడుతుంది. ఆర్సెనిక్ సల్ఫైడ్ 200 డిగ్రీల లోపే మెత్తబడుతుంది. లేజర్‌లో మాత్రం వేడి తప్పదు. 0.98 మైక్రాన్ల పంపు కాంతి ఒక్కో కణం ఇచ్చి, బదులుగా 2.8 మైక్రాన్ల కాంతి ఒక్కో కణం వస్తే, పంపు శక్తిలో కాంతిగా తిరిగి వచ్చేది 35 శాతమే. మిగిలినదానిలో చాలాభాగం గాజులోనే ఉండిపోతుంది. పైగా జెడ్‌బ్లాన్ వేడిని బయటికి పంపే శక్తి సిలికాలో సగమే, వేడికి వ్యాకోచించే గుణం సుమారు 30 రెట్లు ఎక్కువ. వేడెక్కితే సిలికా గుణకం పెరుగుతుంది, జెడ్‌బ్లాన్ గుణకం తగ్గుతుంది. కాబట్టి ఒక గాజు కోసం వేసిన లేజర్ నమూనా లెక్కలు ఇంకో గాజుకు సరిపోవు.

రెండోది స్ఫటికాలు కట్టడం. పంచదార పాకాన్ని త్వరగా చల్లారిస్తే అద్దంలాంటి మిఠాయి అవుతుంది. నెమ్మదిగా ఆరనిస్తే, కలుపుతూ పోతే పలుకులు కట్టి తెల్లబారుతుంది. ఫ్లోరైడ్ గాజు సరిగ్గా ఆ పాకం లాంటిది. తీగ లాగడానికి వేడి చేస్తుంటే, మెత్తబడే ఉష్ణోగ్రతకు వంద డిగ్రీల పైనే పలుకులు కట్టే ఉష్ణోగ్రత ఎదురవుతుంది. ఆ ఇరుకు సందులోనే తీగ లాగాలి. ఒక్క పలుకు మిగిలినా కాంతి అక్కడ చెదురుతుంది. లెక్క ప్రకారం జెడ్‌బ్లాన్ సిలికా కంటే పది రెట్లకు పైగా పారదర్శకంగా ఉండాలి, ఆచరణలో అంత కుదరలేదు. గురుత్వాకర్షణ ప్రభావం లేని చోట ద్రవంలో కదలికలు తగ్గి పలుకులు తక్కువ కడతాయన్న ఆశతో 2024లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 11 కిలోమీటర్లకు పైగా జెడ్‌బ్లాన్ ఫైబర్ లాగారు.

మూడోది తేమ. హైడ్రోజన్ అన్నిటికంటే తేలికైన అణువు, వీణ మీద అతి సన్నని తీగ. ఆక్సిజన్‌తో దాని బంధం 2.7, 2.9 మైక్రాన్ల మధ్య కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. సిలికా ఫైబర్లలో 1.38 మైక్రాన్ల దగ్గర కనిపించే మచ్చ దీని ఉపస్వరమే. ఎర్బియం లేజర్ పనిచేసేది సరిగ్గా ఆ మూల స్వరం దగ్గరే కావడం వల్ల అక్కడ తేమ ప్రాణాంతకం. ఫ్లోరైడ్ తీగ కొసను దగ్గరగా చూస్తే జరిగేది ఇది. గాలిలోని నీటి ఆవిరి కొస ముఖాన్ని పట్టుకుంటుంది. ఆ పలుచని తడి పొర బయటికి వెళ్లే లేజర్ కాంతిని పీల్చి వేడెక్కుతుంది. వేడెక్కిన గాజులోకి తేమ ఇంకా లోతుగా దిగుతుంది, పీల్పు పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి కొస కాలిపోతుంది. దీనికి విరుగుడుగా తేమను బాగా తట్టుకునే అల్యూమినియం ఫ్లోరైడ్ గాజు ముక్కను కొసకు అతికిస్తారు. అది టోపీలా కాపాడుతుంది. గాజును కరిగించడం కూడా ఆర్గాన్ వంటి పొడి వాయువు నింపిన పెట్టెల్లోనే జరుగుతుంది.

పనిని బట్టి గాజు

వీటన్నిటినీ కలిపి చూస్తే ఎంపిక స్పష్టమవుతుంది. 1 నుంచి 2.1 మైక్రాన్ల వరకు సిలికాకు సాటి లేదు. లోహాలను కోసే కిలోవాట్ల లేజర్లు దానితోనే సాధ్యం, ఎందుకంటే అది గట్టిది, వేడికి తట్టుకుంటుంది, తేమకు చెడదు. 2.7 నుంచి 4 మైక్రాన్ల వరకు ఫ్లోరైడ్లదే రాజ్యం. ఆ పైన చాల్కోజనైడ్లు తప్ప దారి లేదు. అక్కడ వాట్లు తగ్గుతాయి, కొత్త అల పొడవులు మాత్రం అందుబాటులోకి వస్తాయి.

కొత్త గాజును ఫైబర్‌గా లాగే ముందు చేయాల్సిన పని చాలా ఉంటుంది. పాళ్లు మార్చి చిన్న ముక్కలు పోయాలి, వాటిలో అయాన్ ఏ కాంతిని పీలుస్తుందో, ఏది విడుస్తుందో, పైమెట్టు మీద ఎంతసేపు నిలుస్తుందో ఒక్కొక్కటిగా కొలవాలి. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరు దగ్గరి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగాలు విరళ మృత్తికలు కలిపిన గాజుల మీద ఏళ్లుగా ఇలాంటి కొలతలే చేస్తున్నాయి. బటన్ బిళ్లంత గాజు ముక్కలో అయాన్ కొన్ని మిల్లీసెకన్లు నిలిచిందని ఆ కొలత తేల్చితే, తీగ లాగడానికి పూనుకోవచ్చు. మైక్రోసెకన్లలోనే దిగిపోయిందని తేలితే, ఇంకా బరువైన అణువులతో, ఇంకా మెత్తని బంధాలతో మరో ముక్క పోయాలి.